ఆకాశంలో గట్టు తగాదాలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని సంపాదకవర్గం తమ్ముళ్లు అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు పంపుతామనే అనుకుని ఉంటారు. మెస్ సాంబారు గురించి, స్టడీ అవర్ల గురించి, ట్రంకుపెట్టెల గురించి అన్నలు ఏటా చక్కగా రాస్తూనే ఉన్నారు. మళ్లీ మేము రాస్తే పలుచనవుతుంది. అందుకని ఈసారి దూరపు విషయం ఒకటి తీసుకున్నాం. ఒక దేశం నిఘా విమానాలు మరో దేశం సముద్రతీరం పక్కగా తిరగడం, దానిమీద దేశాల మధ్య ఏళ్ల తరబడి నడుస్తున్న తగాదా. "ఇది మనకెందుకన్నా?" అని పేజీ తిప్పేయకండి. గ్రూప్స్ చదివేవాళ్లకు ఇదొక బిట్టు. అగ్నివీర్‌కూ నేవీకీ అప్లికేషన్లు పెడుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రేపటి డ్యూటీ. అసలు మనలో చాలామంది అలాంటి విమానాన్ని చేత్తో తాకి చూసినవాళ్లమే. విశాఖ ఎక్స్‌కర్షన్‌కు వెళ్లినప్పుడు బీచ్ రోడ్డులో ఎక్కి చూసి, ఫొటోలు దిగిన టీయూ-142 సంగతి చెబుతున్నాం. సోవియట్ యూనియన్ నుంచి కొన్న ఆ రకం విమానాలు 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్లు మన నౌకాదళంలో పనిచేశాయి. సముద్రం మీద గంటల కొద్దీ తిరుగుతూ ఎవరి ఓడ ఎక్కడుంది, ఎవరి జలాంతర్గామి ఎక్కడ నక్కింది అని కనిపెట్టడమే వాటి ఉద్యోగం.

ముందుగా ఒక కథ చెప్పుకుందాం. కథంటే జరిగిందే.

2001 ఏప్రిల్ 1. అప్పటికి ఈ హాస్టల్లో ఇప్పుడున్నవాళ్లెవరూ పుట్టలేదు, మేమూ పుట్టలేదు. జపాన్‌కు చెందిన ఒకినావా దీవిలోని కదెనా స్థావరం నుంచి అమెరికా నౌకాదళపు ఈపీ-3 నిఘా విమానం బయలుదేరింది. నాలుగు ప్రొపెల్లర్లతో నిదానంగా పోయే విమానం. లోపల 24 మంది. దక్షిణ చైనా సముద్రం మీద ఎగురుతూ చైనా సైన్యం రేడియోలో ఏం మాట్లాడుకుంటోంది, దాని రాడార్లు ఎలాంటి సంకేతాలు వదులుతున్నాయి అని వినడం వాళ్ల పని. చైనాలోని హైనాన్ దీవికి సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉండగా రెండు చైనా జె-8 యుద్ధవిమానాలు వెంటపడ్డాయి. ఒకటి మరీ దగ్గరికొచ్చింది. తగిలింది. ఆ యుద్ధవిమానం ముక్కలై సముద్రంలో పడిపోయింది. దాని పైలట్ వాంగ్ వీ పారాచూట్‌తో దూకాడన్నారు. రోజుల తరబడి వెతికినా దొరకలేదు. అతనికి భార్య, చిన్న కొడుకు ఉన్నారు.

అమెరికా విమానం ముక్కు ఊడిపోయింది, ప్రొపెల్లర్ దెబ్బతింది. వేల అడుగులు కిందికి జారింది. నడుపుతున్న షేన్ ఆస్బర్న్‌కు అప్పటికి 26 ఏళ్లు, అంటే మాకంటే మూడేళ్లు పెద్ద. ఎలాగోలా నిలబెట్టి, ఆపదలో ఉన్నామని రేడియోలో మొరపెట్టుకుని, జవాబు రాకపోయినా హైనాన్‌లోని లింగ్‌షుయి సైనిక విమానాశ్రయంలోనే దించేశాడు. ఎవరి మాటలు దొంగచాటుగా వినడానికి వచ్చారో వాళ్ల పెరట్లోనే దిగారన్నమాట! దిగేలోపు లోపలివాళ్లు రహస్య యంత్రాలను గొడ్డలితో పగలగొట్టారు, కంప్యూటర్ల మీద వేడి కాఫీ పోశారు. తర్వాత 11 రోజులు చైనా వాళ్లను తన దగ్గరే ఉంచుకుంది.

ఎవరిది తప్పు? నిఘా విమానం ఉన్నట్టుండి తమ విమానం వైపు తిరిగిందని చైనా అంది. మా విమానం తిన్నగానే పోతోంది, మీ కుర్రాడే దుడుకుగా వచ్చి గుద్దాడని అమెరికా అంది. అదే పైలట్ అంతకుముందు కూడా దగ్గరగా వచ్చి, తన ఈమెయిల్ చిరునామా రాసిన కాగితాన్ని అద్దం లోంచి చూపించాడని అమెరికా వాళ్లు చెప్పారు. దీన్ని వాళ్లు దుడుకుతనానికి సాక్ష్యంగా చెప్పారు గానీ, చదివినప్పుడు మాకు వేరేగా అనిపించింది. ఎన్నో నెలలుగా ఒకరికొకరు అద్దాల వెనక కనిపిస్తూ, పేర్లు తెలియకుండా బతుకుతున్న మనుషులు వాళ్లు. ఆ కాగితం చూపించిన కుర్రాడే చివరికి సముద్రంలో పోయాడు.

చివరికి అమెరికా రాయబారి ఒక ఉత్తరం ఇచ్చాడు. పైలట్ పోయినందుకు చాలా విచారిస్తున్నాం, అనుమతి లేకుండా మీ గగనతలంలోకి వచ్చి దిగినందుకు చాలా విచారిస్తున్నాం అని రెండు 'విచారాలు' అందులో ఉన్నాయి. అసలు ఆ తీరం పక్కన ఎగరడం తప్పని ఒక్క ముక్క లేదు. అమెరికా దాన్ని విచారం అంది, చైనా తన ప్రజలకు క్షమాపణ అని చెప్పుకుంది. ఒకే కాగితం, ఇద్దరూ గెలిచారు. విమానాన్ని ఎగరనివ్వం అని చైనా పట్టుబడితే, దాన్ని ఊడదీసి రష్యా కంపెనీ పెద్ద రవాణా విమానంలో జులైలో పట్టుకెళ్లారు. ఖర్చుల కింద చైనా పది లక్షల డాలర్లు అడిగితే అమెరికా 34,567 డాలర్లు ఇస్తానంది. ఈ అంకె చూస్తే 3, 4, 5, 6, 7 అని వరసగా ఉంది. బేరం ఆడారా, వెక్కిరించారా అని ఇప్పటికీ అనుమానమే. మే నెలలోనే అమెరికా నిఘా విమానాలు అదే సముద్రం మీద మళ్లీ ఎగిరాయి.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. 1982లో కుదిరి 1994 నవంబరులో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ఒప్పందం ఉంది. దాని ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ప్రాదేశిక జలాలు. దాని మీది ఆకాశం కూడా ఆ దేశానిదే. అనుమతి లేకుండా పరదేశపు విమానం రాకూడదు. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్లు, ప్రత్యేక ఆర్థిక మండలం. ఇక్కడి చేపలు, నూనె, గ్యాసు తీరదేశానివి. కానీ ఓడలు పోవడానికీ, విమానాలు ఎగరడానికీ అందరికీ స్వేచ్ఛ ఉంది. తగాదా అంతా ఈ 22కూ 370కీ మధ్యలోనే.

అమెరికా వాదన ఇది. ప్రాదేశిక జలాల్లో గుండా పోయే ఓడ సమాచారం సేకరించకూడదని ఒప్పందంలో విడిగా రాశారు. ఆర్థిక మండలం గురించి రాసిన చోట ఆ మాట లేదు. లేదంటే వద్దనలేదనే కదా అర్థం. చైనా వాదన వేరు. ఎగిరే స్వేచ్ఛను వాడుకునేవాడు తీరదేశపు హక్కులను గమనంలో పెట్టుకోవాలని అదే ఒప్పందంలో ఉంది, సముద్రాన్ని శాంతి పనులకే వాడాలని కూడా ఉంది. మా గుమ్మం ముందు చెవి పెట్టి వినడం ఏ శాంతి పని? ఒప్పందం చదివితే అక్షరం అమెరికా వైపే ఎక్కువ మొగ్గుతుందని ఒప్పుకోవాలి. చాలా దేశాలు కూడా అలాగే చదువుతాయి. తమాషా ఏమిటంటే ఆ ఒప్పందాన్ని చైనా 1996లోనే ఆమోదించింది, అమెరికా ఇప్పటిదాకా ఆమోదించలేదు. సంతకం పెట్టనివాడు, పెట్టినవాడికి కాగితం చదివి వినిపిస్తున్నాడు.

ఈ వాదన మనకు కొత్తేమీ కాదు. గట్టు తగాదా తెలియని ఊరు ఉందా? "నీ చేలో కాలు పెట్టానా? డొంకదారి మీద నిలబడి చూశాను, దారి నీ అబ్బసొత్తా?" అన్న మాట మనం చిన్నప్పటినుంచీ విన్నదే. దారి అందరిదే, నిజం. కానీ మా ఊళ్లో ఒకటి గమనించాం, మీ ఊళ్లలోనూ ఉంటుంది. పెద్దింటివాళ్లు మా వాడ మొదట్లో మోటారుసైకిలు ఆపి అరగంట చూసినా ఎవరూ ఏమీ అడగరు. మావాళ్లు ఆ వీధి మొదట్లో రెండు నిమిషాలు ఆగితే "ఏంట్రా పని?" అని అరుగు మీంచి కేక వస్తుంది. దారి మీద హక్కు ఇద్దరికీ ఒకటే. నిలబడగల ధైర్యం, నిలబడినా ఏమీ కాదన్న భరోసా మాత్రం ఒకటి కాదు. సముద్రం మీద ఆకాశం కూడా అంతే. ఎగిరే హక్కు ప్రపంచంలో ప్రతి దేశానికీ ఉంది. ఇంటికి వేల కిలోమీటర్ల అవతల, ఇంకొకడి తీరం పక్కన, ఏడాది పొడవునా నిఘా విమానం తిప్పగల డబ్బూ స్థావరాలూ వేళ్ల మీద లెక్కపెట్టగల దేశాలకే ఉన్నాయి.

అయితే అమెరికాను ఒక్కదాన్నే నిందించి చేతులు దులుపుకోలేం. తన తీరం పక్కకు ఎవరైనా వస్తే అది ఏమంటుందో కూడా చూడాలి. 2014లో హవాయి దగ్గర అమెరికా జరిపిన పెద్ద నౌకా విన్యాసాలకు చైనా అతిథిగా వచ్చింది. వస్తూ వస్తూ పిలవని ఒక నిఘా నౌకను కూడా పంపి హవాయి ఆర్థిక మండలంలో నిలిపింది. అమెరికా దాన్ని తరమలేదు, చట్టప్రకారం సరే అంది. 2024 జులైలో రష్యా, చైనా బాంబర్లు కలిసి అలాస్కా పక్కన ఎగిరినప్పుడు కూడా అమెరికా, కెనడా యుద్ధవిమానాలు వెంట వెళ్లి చూసి వచ్చాయి, అంతే. మాట మార్చింది చైనాయే. మా పెరటి పక్కన చూడకూడదన్న దేశం, ఓడలూ విమానాలూ పెరిగాక పక్కవాడి పెరటి వైపు నడిచింది. 2023 ఫిబ్రవరిలో అమెరికా కూల్చిన చైనా బెలూన్‌ను ఈ లెక్కలో కలపకూడదు. అది ఏకంగా అమెరికా భూభాగం మీదుగానే పోయింది. పరీక్షలో ఈ తేడా అడిగితే జాగ్రత్త.

మరి మన దేశం మాట ఏమిటి? మా ఎమ్మే క్లాసులో ఇక్కడికి వచ్చేసరికి అందరూ కాస్త నీళ్లు నమిలారు. 1995లో సముద్ర చట్టాన్ని ఆమోదిస్తూ భారత్ ఒక ప్రకటన జతచేసింది. మా ఆర్థిక మండలంలో మా సమ్మతి లేకుండా ఇతర దేశాలు సైనిక విన్యాసాలు, ముఖ్యంగా ఆయుధాలు, పేలుడు పదార్థాలు వాడే విన్యాసాలు చేయడానికి ఈ ఒప్పందం అనుమతించదు అన్నది దాని సారాంశం. నిఘా అన్న మాట అందులో లేదు గానీ, ధోరణి మాత్రం అమెరికా కంటే చైనాకే దగ్గర. 2019లో అండమాన్ వైపు మన మండలంలోకి వచ్చిన చైనా పరిశోధన నౌకను మన నౌకాదళం వెళ్లగొట్టింది. ఇక్కడ ఏం చేయాలన్నా మా అనుమతి కావాలని అప్పటి నౌకాదళాధిపతి కరమ్‌బీర్ సింగ్ గారు చెప్పారు. 2021 ఏప్రిల్ 7న స్నేహదేశమైన అమెరికాయే తన యుద్ధనౌక జాన్ పాల్ జోన్స్‌ను లక్షద్వీప్‌కు పశ్చిమంగా 130 నాటికల్ మైళ్ల దూరంలో నడిపింది. ఊరికే నడపలేదు. భారత్ అనుమతి అడక్కుండానే నడిపాం, భారత్ పెడుతున్న షరతు చెల్లదని చూపడానికే నడిపాం అని ప్రకటన కూడా ఇచ్చింది. ఢిల్లీ తన ఆందోళనను దౌత్య మార్గంలో తెలియజేసింది. అదే ఢిల్లీ, దక్షిణ చైనా సముద్రం మాట వచ్చినప్పుడు నౌకాయాన స్వేచ్ఛ, గగనతల స్వేచ్ఛ ఉండాలని అంతర్జాతీయ వేదికల మీద గట్టిగా చెబుతుంది.

టీయూ-142లు రిటైరైనా, వాటి స్థానంలో అమెరికా నుంచే కొన్న 12 పీ-8ఐ విమానాలు ఇప్పుడు మన నౌకాదళంలో ఉన్నాయి. కొన్ని తమిళనాడులోని అరక్కోణం నుంచి ఎగురుతాయి. హిందూ మహాసముద్రంలో మన కళ్లు అవే. వాటిని చూసి మేమూ గర్వపడతాం, అందులో దాపరికం లేదు. అయితే మన మండలంలోకి వచ్చేవాడు మనల్ని అడగాలంటే, శ్రీలంక, మాల్దీవులు, బంగ్లాదేశ్ మండలాల దగ్గర మనమూ అడగడానికి సిద్ధపడాలి. సిద్ధంగా లేకపోతే 1995 ప్రకటనను పక్కన పెట్టాలి. మన దగ్గర ఒక కొలత, పక్కవాడి దగ్గర ఒక కొలత పెట్టుకుంటే చిన్న దేశాలు మనల్ని ఏ కళ్లతో చూస్తాయి? మా అభిప్రాయం అడిగితే మొదటిదే మేలు. చిన్న దేశానికి గుమ్మం మీద ఆ మాత్రం మాట ఉండాలి.

మన చేతులకు అంటిన ఒక సంఘటన కూడా ఉంది. కార్గిల్ యుద్ధం ముగిసి రెండు వారాలు దాటిందంతే. 1999 ఆగస్టు 10న గుజరాత్ కచ్ ప్రాంతంలో, సర్ క్రీక్ దగ్గర, పాకిస్తాన్ నౌకాదళానికి చెందిన అట్లాంటిక్ రకం నిఘా విమానాన్ని మన మిగ్-21 కూల్చింది. లోపలున్న 16 మందీ చనిపోయారు. మా గగనతలంలోకి వచ్చిందని మనం అన్నాం, మా వైపే ఉంది, శిక్షణలో ఉందని వాళ్లు అన్నారు. పాకిస్తాన్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 2000 జూన్ 21న, ఈ కేసు వినే అధికారం మాకు లేదని 14 మంది న్యాయమూర్తులు, ఉందని ఇద్దరు చెప్పారు. దాంతో ఎవరు గీత దాటారో ఏ న్యాయమూర్తీ తేల్చలేదు. మన పత్రికల్లో అప్పుడు సంబరంగానే రాసి ఉంటారు. సరిహద్దు కాపాడుకోవడం తప్పని మేము అనడం లేదు. ఆ 16 మందిలో కూడా ఇంటికి మొదటి నౌకరీ తెచ్చినవాళ్లు ఉండి ఉంటారన్న ఆలోచన మాత్రం మమ్మల్ని వదలదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. అలాంటి ఇంట్లో ఒక కుర్రాడికి యూనిఫాం ఉద్యోగం వస్తే ఎన్ని కడుపులు దాని మీద ఆధారపడతాయో ఈ సంచిక చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ సర్ క్రీక్ అవతలి సముద్రంలోనే ఇంకో గీత మనవాళ్లకు తగిలింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి గుజరాత్ పడవల్లో కూలికి వెళ్లిన మన మత్స్యకారులు 2018 చివర్లో పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర గడప దాటి వచ్చారు. తండేల్ సినిమా చూసినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. నీళ్ల మీద గీత కనిపించక చేప వెంట పోయినవాడికి ఏడాది పైన జైలు. గీత ఎక్కడుందో మీటర్లతో సహా తెలిసి, దాని అంచున రోజంతా తిరిగేవాడికి అంతర్జాతీయ చట్టంలో స్వేచ్ఛ! ఈ రెండింటినీ ఒకే పేజీలో పెట్టి చూడమని అడుగుతున్నాం.

అంచున తిరిగే ఈ ఆటలో ప్రాణాలు పోవడం హైనాన్‌తో మొదలు కాలేదు. 1960 జులైలో సోవియట్ ఉత్తర తీరం దగ్గర అమెరికా ఆర్‌బీ-47ను కూల్చితే ఆరుగురిలో ఇద్దరే మిగిలారు. 1969 ఏప్రిల్ 15న ఉత్తర కొరియా ఈసీ-121ను కూల్చింది, 31 మంది పోయారు. వీళ్లు సైనికులు, తెలిసే వెళ్లారు అనవచ్చు. 1983 సెప్టెంబరు 1న పోయిన 269 మంది ఏ పాపం చేశారు? అది కొరియన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణికుల విమానం, నంబరు 007. న్యూయార్క్ నుంచి అలాస్కా మీదుగా సియోల్‌కు పోతూ దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లింది. ఆ రాత్రి అంతకు కొన్ని గంటల ముందే కమ్చట్కా తీరం పక్కన అమెరికా ఆర్‌సీ-135 నిఘా విమానం తిరిగి వెళ్లింది. రాడార్ తెర మీద కనిపిస్తున్న చుక్క ఏదో సోవియట్ సైనికులు పోల్చుకోలేకపోయారు. నిఘా విమానమే అనుకున్నారు. సోవియట్ యుద్ధవిమానం క్షిపణి వదిలింది. ఆ తర్వాతే, ప్రయాణికుల విమానాల మీద ఆయుధం వాడకూడదన్న నిబంధనను 1984లో అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందానికి కలిపారు. జీపీఎస్ సిద్ధం కాగానే సామాన్యులకు కూడా ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది కూడా ఆ నెలలోనే. మన ఫోన్లో దారి చూపించే చుక్క వెనక ఆ 269 మంది ఉన్నారు. గల్ఫ్‌కో అమెరికాకో పోయిన మనవాళ్లు ఎక్కే విమానాలు కూడా ఎన్నో తీరాల పక్కగానే పోతాయి కదా.

ఈ ముప్పు పాతబడిపోలేదు. 2022 మే నెలలో దక్షిణ చైనా సముద్రం మీద చైనా యుద్ధవిమానం ఆస్ట్రేలియా పీ-8కు అడ్డంగా వచ్చి సన్నని లోహపు తునకలు వదిలితే, కొన్ని ఇంజనులోకి వెళ్లాయి. అదే ఏడాది సెప్టెంబరులో నల్లసముద్రం మీద బ్రిటన్ నిఘా విమానం దగ్గర రష్యా యుద్ధవిమానం క్షిపణి వదిలింది. సాంకేతిక లోపం అని రష్యా చెప్పుకుంది. 2023 మార్చి 14న అదే సముద్రం మీద రష్యా సుఖోయ్ ఒకటి అమెరికా డ్రోన్ ప్రొపెల్లర్‌ను గుద్దింది. అందులో మనిషి లేడు కాబట్టి ఒక యంత్రంతో పోయింది. 2021 శరదృతువు నుంచి రెండేళ్లలో చైనా విమానాలు 180కి పైగా సార్లు ప్రమాదకరంగా ఎదురొచ్చాయని అమెరికా రక్షణ శాఖ 2023 అక్టోబరులో లెక్క చెప్పింది. ఆ లెక్క వాళ్లదే, సగం తగ్గించుకున్నా తక్కువేమీ కాదు.

అందుకని మేము చెప్పదలచుకున్నది ఇదీ. ఎగిరే హక్కు ఉందా లేదా అన్న వాదన మనం బతికుండగా తెగేలా లేదు. గట్టు తగాదా కోర్టుకు పోతే మనవడి కాలానికి తెగుతుందంటారు, ఇక్కడ ఆ కోర్టు కూడా లేదు. అది తెగేదాకా ఎదురుపడినప్పుడు ఎంత దూరంలో ఉండాలి, రేడియోలో ఏ మాట చెప్పాలి, రాత్రిపూట ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి అన్నవైనా తేల్చుకోవాలి. ఇది అసాధ్యం కాదు. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకరి మీద ఒకరు అణుబాంబులు గురిపెట్టుకుని ఉన్న రోజుల్లోనే, 1972 మేలో, సముద్రం మీద ఎదురుపడ్డ ఓడలూ విమానాలూ ఎలా మసలాలో ఒప్పందం రాసుకున్నాయి. భారత్, పాకిస్తాన్ 1991 ఏప్రిల్‌లో రాసుకున్నాయి. యుద్ధవిమానాలు, నిఘా విమానాలు ఒకరి గగనతలానికి ఒకరు 10 కిలోమీటర్ల లోపలికి రాకూడదని, పొరపాటున వస్తే విచారించి అవతలివాళ్లకు చెప్పాలని. "అయినా 1999లో కూలిందిగా" అని అడగవచ్చు. నిజమే, కూలింది. రాసుకున్న ఒప్పందాన్ని కార్గిల్ వేడిలో ఎవరూ పట్టించుకోలేదు. దానికి మందు ఒప్పందాన్ని చించేయడం కాదు గదా.

మాకు కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. పెద్దలు అలిగినప్పుడల్లా ముందు ఆపేది ఈ మాటల్నే. అమెరికా, చైనా సైన్యాల మధ్య సముద్ర భద్రత చర్చలకు 1998లో ఒప్పందం ఉంది, ఆకాశంలో, సముద్రం మీద ఎలా ప్రవర్తించాలో 2014, 2015లలో ఇంకా రాసుకున్నారు. 2022 ఆగస్టులో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైవాన్ వెళ్లినందుకు చైనా అలిగి ఆ చర్చలు రద్దు చేసింది. అలిగింది నాయకులు. ఆ ఏడాదిన్నరా మీటర్ల దూరంలో ఎదురుపడింది పాతికేళ్ల పైలట్లు. 2023 నవంబరులో ఇద్దరు అధ్యక్షులు కలిశాకే మళ్లీ దారి తెరుచుకుంది. 2024 ఏప్రిల్‌లో హొనొలులూలో ఇరు సైన్యాల అధికారులు కూర్చున్నారు. మెస్‌లో అన్నం మీద అలిగితే ఎవరి కడుపు మాడుతుందో మనకు తెలుసు. దేశాల అలకలో అలిగినవాడి కడుపు మాడదు, డ్యూటీలో ఉన్నవాడిది మాడుతుంది.

మన హాస్టల్ పూర్వ విద్యార్థుల్లో నేవీలో, కోస్ట్‌గార్డ్‌లో, ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్న అన్నలు, అక్కలు కొందరు ఉన్నారు. వాళ్లకు ఈ వ్యాసంలో చాలా చోట్ల ఒళ్లు మండవచ్చు. "క్లాసులో కూర్చుని రాయడం తేలికే తమ్ముడూ" అంటారని తెలుసు. రహస్యాలేవీ అడగం. పక్క దేశం విమానం అద్దంలోంచి కనిపించినప్పుడు ఏమనిపిస్తుంది, ఆ దూరం ఎంతుంటే భయం వేయదు, అవతలి పైలట్ ఎప్పుడైనా చెయ్యి ఊపాడా, ఇవి రాయండి. మాతో విభేదించి రాసినా సరే. వచ్చే సంచికలో రెండు పేజీలు ఖాళీగా ఉంచుతామని సంపాదకవర్గం తమ్ముళ్లు మాటిచ్చారు.